బువ్వం బంతిలో మళ్ళీ ఆ గొంతు

ఇట్ల దగ్గరికి జరగండి. గోడకు ఆనుకునేవాళ్ళు ఆనుకోండి, కాళ్ళు చాపుకునేవాళ్ళు చాపుకోండి. చెనక్కాయలు వేయించి చాటలో పోసినా. ఒలుచుకుంటా వినండి. చేతికి పని ఉంటే చెవి ఇంకా బాగా పనిచేస్తది.

నిన్న పొద్దున మా మనవరాలు ఫోను పట్టుకుని ఇల్లంతా గంతులేసింది. "అవ్వా, వచ్చిందవ్వా! మళ్ళీ పాడిందవ్వా!" అని. ఎవురే వచ్చింది అంటే, ఎవరో పాటలు పాడే పిల్లంట. ఉన్నమాట మొహం మీద అనేసే రకమంట. దేనికో పెద్దోళ్ళకు కోపం వచ్చి కొన్నేండ్లు ఆమె పాటే లేకుండా పోయిందంట. ఇప్పుడు తిరిగి వచ్చిందంట. "పాతవి కాదవ్వా, అన్నీ కొత్తవే!" అని ఫోను నా చెవికి ఆనించింది. ఆ వాయిద్యాల మోతలో మాట నాకు అందలే. దాని కండ్లల్లో మెరుపు మాత్రం అందింది. ఆ మెరుపు నాకు కొత్త కాదు. మా పెద్దమ్మ మళ్ళీ నోరు తెరిచిననాడు మా పందిరంతా అదే మెరుపు.

పెద్దమ్మ అంటే నాకు సొంత పెద్దమ్మ కాదు. ఊళ్ళో పిల్లలందరికీ పెద్దమ్మే. పేరు అడగొద్దు, ఆమె పేరు పెట్టి పిలిచినోళ్ళను నేను చూడలే. అప్పటికి మన ప్రకాశం జిల్లా పుట్టలే. మా పక్కంతా కర్నూలు జిల్లా కింద ఉండేది. కొత్తగా ఆంధ్రప్రదేశ్ అయింది, హైదరాబాదు రాజధాని అయింది అని మగోళ్ళు అరుగుల మీద కూచుని చెప్పుకునేవాళ్ళు. మా ఆడోళ్ళకు మాత్రం పెద్దమ్మ ఏ ఊళ్ళో పాడతా ఉంటే ఆ పూటకు అదే రాజధాని. పంచాయితీ ఆఫీసులో రేడియో ఒకటి ఉండేది గానీ అది పాడిందానికంటే గురగురలాడిందే ఎక్కువ. పెద్దమ్మ ఈ వారం దొనకొండ పక్క ఒక పెళ్ళిలో పాడితే, వచ్చే వారానికి కొనకనమిట్ల చేలల్లో కలుపు తీసేవాళ్ళ నోట్లో ఆ పాటే. పాలెంలో క్రిస్టియన్లు ఆమె వరస తీసుకుని యేసు పాట కట్టుకున్నారు. ఆ సంగతి విని పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "నేను ఆదివారం గుడికి పోకపోయినా నా వరస పోతాంది, చాల్లే" అన్నది.

మనిషి ఎత్తరి. నడిస్తే ఎదుటోళ్ళు పక్కకు జరగాల్సిందే. మార్కాపురం పలకల రాయి చెక్కలు రెండు, చిన్నవి, ఎప్పుడూ నడుములో దోపుకుని ఉండేది. పాడేముందు ముడి విప్పి, జుట్టు దులిపి, మళ్ళీ గట్టిగా ముడేసేది. ఆ ముడి పడిందంటే ఎవరికో మూడిందన్నమాటే. చెక్కలు రెండూ వేళ్ళ సందున పట్టి టకటకలాడించేది. ఇంక హార్మోనియం వద్దు, ఏమీ వద్దు. ఒకసారి ఎవరో పెద్దింటివాళ్ళు మైకు తెచ్చి ముందర పెడితే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఈ బూర నాకెందుకయ్యా, చెవిటోళ్ళను పిలిచినారా పెళ్ళికి?" అన్నది.

పెళ్ళింటికి పిలిస్తే ముందు పందిట్లోకి రాదు, పొయ్యికాడికి పోతది. కుండ మూత తీసి తొంగి చూస్తది. "ఏమ్మే, నువ్వు తిన్నావా?" అని వండేవాళ్ళను అడుగుతది. లేదంటే తన చేత్తోనే ఒక ముద్ద వాళ్ళ నోట్లో పెడతది. ఇన్ని పాటలు నీకు ఎక్కడినుంచి వస్తాయి పెద్దమ్మా అని నేను అడిగితే, "పొయ్యికాడ కాసేపు కూచో పిల్లా, ఇంటి గుట్టంతా పొగతో పాటే పైకి వస్తది" అన్నది.

ఆమెకు భయం అనేది లేదు. ఒకనాడు మార్కాపురం నుంచి వస్తా ఉన్నాం బస్సులో. కండక్టరు ఆమె మూటను చూసి, "ఇంత మూటకు టిక్కెట్టు తియ్యాలమ్మా" అన్నాడు. పెద్దమ్మ ముడి విప్పింది, ముడేసింది.

"కండక్టరన్నకు కండ్లు రెండున్నాయి,
ఒకటేమో నా మూట మీద పెట్టినాడు,
ఒకటేమో ముందు సీటు పిల్ల మీద పెట్టినాడు,
చిల్లర చూసేదానికి మూడోది లేదమ్మా!"

బస్సు బస్సంతా ఘొల్లున నవ్వింది. డ్రైవరు బండి ఆపి మరీ నవ్వినాడు. కండక్టరు చెవులు ఎర్రబడి, తనూ నవ్వి ముందుకు పోయినాడు. పెద్దమ్మ మాత్రం మూటకు టిక్కెట్టు తీసుకునే దిగింది. "వాడి పని వాడు చేసినాడు, నా పని నేను చేసినా" అన్నది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మా పక్క పెళ్ళిలో తాళి కట్టేముందు బువ్వం బంతి అని ఉండేది. పెళ్ళికూతురు వాళ్ళూ పెళ్ళికొడుకు వాళ్ళూ ఎదురెదురు బంతుల్లో కూచుని, నడుమ అన్నం రాశి పోసి, నెయ్యి బెల్లం వేసి, కలిసి తినేది. అన్నం ముట్టేముందు ఆడోళ్ళు పాటలు పాడాల. ఆ పాటల్లో వియ్యాలవారిని ఎంత తిడితే అంత మర్యాద. పాటకు పాటతోనే జవాబు చెప్పాల. చెప్పలేకపోతే అవతలివాళ్ళు అడిగింది ఇయ్యాల. అప్పటిదాకా ఎవురూ ముద్ద నోట్లో పెట్టకూడదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ తిట్లన్నీ అబద్ధాలే అయి ఉండాల. నీ ముక్కు రోకలంత ఉంది అనొచ్చు, మా ఇంట్లో గరిటె ఎత్తుకుపోయినావు అనొచ్చు. నిజం మాత్రం అనకూడదు.

పెద్దమ్మ చేసిన తప్పు అదే. నిజం అనేసింది.

మా వీధిలో ఒక అక్క ఉండేది. ఆమెను యర్రగొండపాలెం పక్క ఒక పెద్ద గొర్రెల మంద ఉన్న ఇంటికి ఇచ్చినారు. పెళ్ళి మా ఊళ్ళోనే. పెద్దమ్మ మా పక్క పాడతాంది. అంతకుముందు యేడు ఆమె చెనక్కాయ పీకేదానికి కూలికి పోయి ఆ ఇంటి పొయ్యి చూసి వచ్చిందంట. ముక్కూ గరిటే అయిపోయినాక, చెక్కలు ఒక్కసారి గట్టిగా కొట్టి అందుకుంది.

"మందలో గొర్రెలు వందకు వంద,
ఇంట్లో ఇల్లాలికి అడుగంటిన కుండ.
గొర్రెకు గడ్డుంది, కుక్కకు కూడుంది,
వండినా తల్లికి మాడే మిగిలింది!"

మావాళ్ళు కొందరు నవ్వినారు, కొందరు నవ్వబోయి ఆగినారు. పెళ్ళికొడుకు నాయన బంతిలోనుంచి లేచినాడు. "ఇది తిట్టే పాట కాదు, పరువు తీసే పాట" అన్నాడు. ఆయన భార్య, ఆ పాటలో ఉన్న ఇల్లాలు, తల వంచుకుని ఆకు వైపే చూస్తా ఉంది. మా పెద్దమనుషులు కాళ్ళూ గడ్డం పట్టుకుని వాళ్ళను కూచోబెట్టినారు. పెద్దమ్మను పిలిచి, అబద్ధం పాడినానని చెప్పమన్నారు.

"అట్ల చెప్తే పాట బయట అది నా జన్మకు మొదటి అబద్ధం అయితది. చెప్పను" అన్నది.

ఇంక ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవురూ ఆమెకు పాటకు తాంబూలం ఇయ్యకూడదని కట్టుబాటు చేసినారు. పెద్దమ్మ చెక్కలు కొంగున ముడేసుకుంది. "సరే, నోరు మూసుకుంటా. తెరవమని మీరే వస్తారు" అని, మార్కాపురం పోయి పలకల పనిలో చేరింది.

ఆ తర్వాత జరిగిన పెళ్ళిళ్ళు పెళ్ళిళ్ళు కాదు నాయనా. మైకుసెట్టు పెట్టి గ్రామఫోను ప్లేట్లు వేసేవాళ్ళు. ప్లేటుకు ఏం తెలుసు, మా వియ్యపురాలి ముక్కు ఎట్ల ఉందో? చేలల్లో కలుపు తీస్తా ఎవరన్నా పెద్దమ్మ పాట ఎత్తుకుని, గుర్తుకొచ్చి నడుమ ఆపేసేవాళ్ళు. అట్ల రెండు మూడేండ్లు గడిచినాయి.

అప్పుడు నాకు సంబంధం వచ్చింది. ఎక్కడినుంచో కాదు, అదే ఇంటినుంచి! మా వీధి అక్క తన మరిదికి నన్ను అడిగించింది. పిల్లోడు నవ్వు మొహం, నాకు నచ్చినాడు. అక్క పుట్టింటికి వచ్చినప్పుడు పక్కకు పిలిచి అడిగినా. "ఇల్లు ఎట్లుందక్కా?"

"అందరూ మంచోళ్ళేలే" అన్నది అక్క. "ఆకలే మంచిది కాదు. మగోళ్ళు, మంద కాసేవాళ్ళు, వచ్చినోళ్ళు పోయినోళ్ళు అందరూ తినేదాకా మేం ఆగాల. ఆపైన నేనూ అత్తా కుండ గోక్కుంటాం. ఆమె నాకు వేస్తది, నేను ఆమెకు వేస్తా, ఇద్దరికీ చాలదు" అన్నది.

నేనా, సంగటి ముద్ద కనపడితే ఆగే రకం కాదు. నాకు ఆ ఇంటి పిల్లోడు నచ్చినాడు, ఆ ఇంటి కుండ నచ్చలే. అడిగేదానికి నోరు లేదు. అడగగలిగిన నోరు ఒక్కటే, అది మార్కాపురంలో మూతపడి ఉంది. అందుకే పట్టు పట్టినా. పెద్దమ్మ పాడితేనే బువ్వం బంతిలో కూచుంటా అన్నా.

"నీకు పెళ్ళి కావాల్నా, పాట కావాల్నా?" అన్నాడు మా నాయన.

"రెండూ కావాల."

నాయన తల కొట్టుకుని, కాబోయే మామ దగ్గరికి పోయి బతిమాలినాడు. ఆయన, "వస్తే రానీ బావా. కానీ పొగడాల. ఒక్క తిట్టు దొర్లినా లేచి పోతాం. లగ్నం సంగతి మీరే చూసుకోండి" అన్నాడు.

పెళ్ళిబట్టలకు మార్కాపురం పోయినప్పుడు నేనూ నాయనా ఆమె దగ్గరికి పోయినాం. కొట్టం కింద కూచుని ఉలితో రాయిని పొరలు పొరలుగా చీలుస్తా ఉంది. కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము.

"అక్కా, పిల్ల పెళ్ళి. నువ్వు రావాల" అన్నాడు నాయన.

"వస్తా తమ్ముడా. వచ్చి ఏం చెయ్యాల, వడ్డించాల్నా?"

"పాడాల."

ఉలి ఆగింది. నాయన గొంతు తగ్గించి, "తిట్టకూడదంట అక్కా. పొగడాలంట" అన్నాడు. ఏ ఇంటి పెళ్ళో కూడా చెప్పినాడు. పెద్దమ్మ నవ్వింది చూడండి, మొహం మీద దుమ్మంతా రాలింది.

"పొగడాలంటనా! ఎంత పొగడమన్నారు?"

"నీ ఇష్టం అక్కా, ఎంతైనా."

"ఆ మాట మీద ఉండు." నా వైపు తిరిగి, "పాత పాటలు అడగొద్దు పిల్లా. అవి మీ నోళ్ళల్లో ఉన్నాయి, మీరే పాడుకోండి. ఈ రాయి చీల్చుకుంటా చీల్చుకుంటా కొత్తవి కట్టినా. నోరు మూసుకున్నా గానీ లోపల ఊరుకోలే" అన్నది.

పెద్దమ్మ మళ్ళీ పాడతాందంట అనే మాట మా పెళ్ళి పిలుపు కంటే ముందు ఊళ్ళు తిరిగింది. పిలిచినోళ్ళూ పిలవనోళ్ళూ బండ్లు కట్టుకుని వచ్చినారు. బువ్వం బంతి వేసినారు. అన్నం రాశి పొగలు కక్కుతాంది. పెద్దమ్మ నడుమ నిలబడి ముడి విప్పింది, దులిపింది, ముడేసింది. మా నాయన కండ్లు మూసుకున్నాడు.

"మా వియ్యంకుడమ్మా మాణిక్యమమ్మా,
ఆయన తలపాగ ఆకాశమమ్మా,
ఆయన చేతికర్ర చందనమమ్మా..."

ఎంత తియ్యగా పాడింది! మామ మీసం దువ్వుకున్నాడు. పెద్దమ్మ తలపాగ అయిపోయినాక కర్ర, కర్ర అయినాక చెప్పులు, చెప్పులైనాక మంద, మందలో ఒక్కొక్క గొర్రె, గొర్రె కొమ్ము, గొర్రె తోక. ఒక్క తిట్టు లేదు. పాట అయ్యేదాకా ముద్ద ముట్టకూడదు గదా, అన్నం మీద పొగ తగ్గతాంది. తోకల కాడికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. మామ దువ్వే చెయ్యి ఆగింది. పొగడ్తలో తప్పు ఎక్కడని పడతాడు?

తర్వాత పాట మా అత్త మీదికి తిరిగింది. వియ్యపురాలు వెన్నపూస, మాట మల్లెపూవు. అంతే, అత్త చెయ్యి పైకెత్తింది. ఆ పెద్దమనిషి నలుగురిలో గట్టిగా మాట్లాడడం అంతకుముందు ఎవురూ వినలేదంట.

"ఆపు వదినా!"

"ఏంది వదినా, ఏమన్నా తప్పు పాడినానా?"

"తప్పే. దారినపోయేవాళ్ళను పొగుడుతారు, చుట్టాలను తిడతారు. ఒక్క తిట్టన్నా లేకుండా పంపితే మా ఊళ్ళో ఏమంటారు? పిల్లనిచ్చినారు గానీ వియ్యం కలుపుకోలేదంటారు. మేం పరాయోళ్ళమా? తిట్టు!"

"ఏమే..." అన్నాడు మామ.

"నువ్వుండయ్యా. ఇది ఆడోళ్ళ పాట" అన్నది అత్త. కొంచెం గొంతు తగ్గించి, "నా పెద్దకొడుకు పెళ్ళిలో నన్ను గురించి పాడింది ఈమె ఒక్కతే. మళ్ళీ పాడనీ" అన్నది.

పెద్దమ్మ ఒక్క నిమిషం అత్త మొహం వైపే చూసింది. తర్వాత పందిరంతా కలయజూసి, "తిట్టమన్నది ఎవురు? విన్నారా?" అని అడిగింది.

"విన్నాం!" అని పందిరి లేచిపోయేట్టు అరిచినారు.

అప్పుడు ఎత్తుకుంది కొత్త పాట. అట్లాంటి వరస మేం ఎప్పుడూ వినలే. గుర్రబ్బండి మాదిరి పరుగు. చెక్కలు నిప్పులు రాలుస్తాయేమో అనిపించింది.

"పొగిడితే అలిగినావు, తిట్టమని అడిగినావు,
ఏం మనిషివే తల్లి మా వియ్యపురాలా!
ఇయ్యాల బంతిలో ఇంతెత్తు పీటమ్మా,
రేపటికి నీ పీట ఏ మూలనుందమ్మా?
నల్లమల మోదుగకు ఆకులే కరువా,
నీకొక్క ఆకేస్తే నేలకే బరువా?
నీ పక్క ఆకొకటి నీ పెద్ద కోడలికి,
ఆ పక్క ఆకొకటి మా చిన్న పిల్లకి,
వేసేది ఎవరమ్మా, వేడన్నమేదమ్మా,
జవాబు చెప్పమ్మా మా వియ్యపురాలా!"

ఆ చివరి ఆకు నాదే. వాళ్ళు లేచిపోతే పెళ్ళి లేదు, కూచుంటే ఆకు ఉంది.

మామ లేవలే. ఎట్ల లేస్తాడు, తిట్టమని అడిగింది ఆయన ఇల్లాలే గదా! పాటకు పాటతో జవాబు చెప్పాల. వాళ్ళ పక్క పాడే గొంతు ఒక్కటే, మా వీధి అక్కది. పెండ్లికి ముందు పెద్దమ్మ వెనకాల అందుకునేది ఆమే. అందరూ అక్క వైపు చూసినారు. అక్క ఆకులోకి చూసింది.

"నాకు గొంతు పట్టింది" అన్నది.

"పొద్దున బాగానే మాట్లాడినావు గదమ్మా!" అన్నాడు మామ.

"అప్పుడు పట్టలే మామా. ఇప్పుడే పట్టింది."

"నువ్వన్నా చెప్పవే" అని అత్తను అడిగినాడు.

"నాకు పై పండ్లు లేవు. పాట జారిపోతది" అన్నది అత్త. ఆ పక్కనున్న ఆడోళ్ళలో ఒకామెకు దగ్గు, ఒకామెకు పిల్లోడు ఏడుస్తాడంట, ఒకామెకు ఆ వరసే తెలీదంట. అందరికీ ఒక్కసారే జబ్బులు వచ్చినాయి. పెళ్ళికొడుకు, అంటే మీ తాత, కండువా నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిస్తా ఉన్నాడు. మామ చూసిన చూపుకు కూడా ఆగలే.

"ఓడిపోయినామని ఒప్పుకో మామా, అన్నం చల్లారుతాంది" అని వాళ్ళ మగోళ్ళే అన్నారు. పొద్దుటినుంచి పస్తులు గదా.

మామ తలపాగ సర్దుకున్నాడు. "ఏంది, ఆకే గదా! వెయ్యండి. రోజూ వెయ్యండి."

"ఎవరితో పాటు అన్నా?" అన్నది పెద్దమ్మ, చెక్కలు ఆపకుండానే.

"మాతో పాటే! మా బంతిలోనే! ఇంక పాట ఆపు తల్లీ!"

పందిట్లో పుట్టిన కేక ఊరి బయట కట్టేసిన ఎడ్లకు కూడా వినపడి ఉంటది. పెద్దమ్మ చెక్కలు నడుములో దోపి, వంటకాడికి పోయి వేడన్నం తెచ్చి, అత్త ఆకులో తన చేత్తోనే పెట్టింది. అత్త ముద్ద నోట్లో పెట్టుకుని అట్లే కూచుంది.

"ఏం వదినా, ఉప్పు సరిపోయిందా?"

"తెలీలే వదినా. వేడిగా ఉంది" అన్నది అత్త. కండ్లు తుడుచుకుంటా నవ్వింది.

ఆ మధ్యాన్నమంతా పెద్దమ్మ పాడుతానే ఉంది. బోరింగు వేస్తామని చెప్పి కనపడకుండా పోయిన పెద్దమనుషుల మీద, భార్య మూట మొయ్యాలంటే సిగ్గుపడే మొగుళ్ళ మీద, తన మీద తనే ఒకటి. అన్నీ కొత్తవే. జనం పాతవి పాడమంటే వాళ్ళ చేతనే పాడించి, తను తాళం వేసింది. ఆమెకు మళ్ళీ తాంబూలం ఇచ్చింది మా మామే. కట్టుబాటు సంగతి ఎవురూ ఎత్తలే.

అత్తగారింట్లో మొదటిరోజు మా ఆకులు మగోళ్ళ బంతిలోనే పడినాయి. మామ కొన్నాళ్ళు గోడ వైపు తిరిగి తిన్నాడు. ఆ తర్వాత కొంచెం కొంచెం ఇటు తిరిగినాడు. కొన్నాళ్ళకు ఆయనే, "ఏందీ, కోడళ్ళు ఇంకా రాలే? సంగటి చల్లారుతాంది, రమ్మనండి" అని అరిచేవాడు.

పెద్దమ్మ పోయి చాలా కాలమయింది. నాకు చివరిగా గుర్తున్నది ఒకటే. యర్రగొండపాలెం పోతా మా ఇంట్లో ఆగి, మామ పక్కనే బంతిలో కూచుని మాతో పాటు తిన్నది. చెయ్యి కడుక్కుని, "ఈ ఇంట్లో నాకు పాట దొరకలే" అన్నది.

"అట్లంటే ఎట్ల చెల్లెలా? వచ్చినదానివి, నన్ను ఒకసారి తిట్టిపో" అన్నాడు మామ.

"నిన్నా? తిట్టేదానికి ఏమన్నా మిగిల్చినావా అన్నా!" అని, మూట ఎత్తుకుని పోయింది. ఆయన ముసిముసిగా నవ్వుకుంటా వాకిట్లో చాలాసేపు నిలబడినాడు.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇండ్లల్లో పొయ్యి చల్లారకుండా ఉండాల. వండిన చేతికి అందరితో పాటే వేడి ముద్ద దక్కాల. మీ ఇంటికి వచ్చే కోడలు గానీ, మీ ఇంటినుంచి పోయే పిల్ల గానీ, ఆకు అడిగేదానికి ఎవురి పాట కోసమూ ఎదురుచూడాల్సిన పని లేకుండా, "నాకు ఆకలైతాంది" అని నిమ్మళంగా చెప్పి కూచునేట్టు ఉండాల. చల్లగా ఉండండి నాయనా, మీ బంతి ఎప్పుడూ నిండుగా ఉండాల.